సరి పెంకులు, బేసి పెంకులు

ముందు వీధి ఇంటి నుంచి,
ఎండలు ముదిరిన రోజుల్లో

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

నువ్వు కొండ మీద ఆసుపత్రిలో రోగులకి జ్వరం చూస్తుండగా ఇక్కడ నేను మన ఇంటి కప్పుకి నాడి చూశాను. ప్రాణం ఉంది. కానీ బంధువులని పిలిపించుకోవడం మంచిది.

వానాకాలం వెళ్ళేదాకా నీకు సెలవు లేదు కాబట్టి, గాలివానలు మొదలయ్యే లోపల కప్పు బాగుచేయించే బాధ్యత నా నెత్తిన పెట్టి వెళ్ళావు. పైగా "ఫోన్లో చెప్పకు, ఉత్తరం రాయి. ఫోన్లో అయితే గుక్క తిప్పుకోకుండా అబద్ధాలాడతావు, కాగితం మీద దొరికిపోతావు" అని శాసనం ఒకటి. మీ కొండ మీద ఫోను ఎలాగూ పలకదని నాకు తెలుసు. అయినా శాసనం శాసనమే. రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేసి, ట్యుటోరియల్ కాలేజీలో పిల్లలకి సరిహద్దు తగాదాల గురించి గొంతు పోయేలా చెప్పే నాకు, మన ఇంటి నెత్తి మీదే ఒక సరిహద్దు ఉందని ఇన్నాళ్ళూ తట్టలేదు.

నిన్న అటక ఎక్కాను. దీపం అక్కర్లేదు, పేపరు చదువుకోవచ్చు. అంత వెలుతురు! ఇంటి మధ్యగోడకి సరిగ్గా పైన, మన వాలూ పిన్ని వాలూ కలిసే నడికొప్పు పొడవునా, దువ్వెన పళ్ళలాగా సన్నటి ఎండ చారలు.

మీ ఇద్దరి ఒప్పందం గుర్తు చేస్తాను, కోప్పడకు. ఒకే కప్పు కింద వీధి వైపు సగం ఇల్లు మనది, వెనక సందు వైపు సగం పిన్నిది. రెండేళ్ళ కిందటి గాలివాన తర్వాత మీరు పోట్లాడుకుని, మన వాలు మనం, ఆవిడ వాలు ఆవిడ చూసుకోవాలన్నారు. బాగానే ఉంది. మరి నడికొప్పు మీద బోర్లించిన పెంకులో? గుర్రం ఎక్కినట్టు అటో కాలూ ఇటో కాలూ వేసుకుని కూర్చుంటాయి అవి. అందుకని ఒకటి విడిచి ఒకటి పంచుకున్నారు. బేసి పెంకులు నీవి, సరి పెంకులు పిన్నివి. నీ వాటికి నువ్వు సిమెంటు పెట్టించావు, ఆవిడ వాటికి ఆవిడ పెట్టించింది. ఏనుగు ఎక్కినా కదలవు.

కానీ తల్లీ, పెంకుకీ పెంకుకీ మధ్య సందు ఉంటుందే, దాన్ని పంచుకోవడం మర్చిపోయారు! ప్రతి సందుకీ ఒక పక్క నువ్వు, ఒక పక్క ఆవిడ. నాది కాదని నువ్వూ, నాది కాదని ఆవిడా వదిలేశారు. ప్రస్తుతం అవి ఆకాశం ఆధీనంలో ఉన్నాయి.

పెంకుల మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "రెండు వైపులా ఎక్కనిస్తే చేస్తా. ఒక వైపు నుంచే పూడ్చడమంటే సగం ముక్కుతో తుమ్మమన్నట్టు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ వెళ్ళి బతిమాలితే, ఊళ్ళో కప్పులన్నిటికీ ఒకేసారి జబ్బు చేసిందిట, వానలు వెలిశాక వస్తానన్నాడు. అప్పుడు వచ్చి మనల్ని పిండి ఆరేస్తాడు కాబోలు.

కాబట్టి కప్పు పని నేనే చెయ్యాలి. ఈ సందులు ఇలాగే ఉంటే, గట్టి గాలి ఒక్కటి లోపల దూరిందంటే నడికొప్పు లేచిపోతుంది. ఆపైన ముందు సగం, వెనక సగం అని తేడా చూడదు. పిన్నితో మాట్లాడడానికి అనుమతి కోరుతున్నాను.

నీ వాలు కింద తలదాచుకున్న
తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్సు,
కొండ మీద

ఒరేయ్ ఎమ్మే,

నీ సముఖాలూ నాడులూ కట్టిపెట్టు. అనుమతి లేదు.

ఆ రోజు జరిగింది నువ్వు చూడలేదు, హాస్టల్లో పడి నిద్రపోతున్నావు. అప్పటికి నాకు ఈ కొండ మీదకి బదిలీ కాలేదు, గాలివానలో ఊళ్ళో ఆసుపత్రిలోనే డ్యూటీలో ఉన్నాను. ఆవిడ నన్ను అడిగిందా? అడగలేదు. నా వాలు ఎక్కింది. నా పెంకులు తొక్కింది. సరిగ్గా నా మంచానికి పైన, మోకాలి దాకా దిగబడింది. నేను డ్యూటీ దిగి తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి మంచం మీద పెంకు ముక్కలు, మంచం పైన ఆకాశం. "ఎవరు తొక్కారు ఇది?" అన్నాను. తప్పా?

అంతే. నడివీధిలోకి వచ్చి, బస్సులో అరిచే గొంతు వేసుకుని, "కప్పు మొత్తం ఎగిరిపోతుంటే పట్టుకుని ఆపినదాన్ని పట్టుకుని ఎవరు తొక్కారంటావా! ఇంక నీ సగం నీది, నా సగం నాది. దిగు దిగు!" అంది. టికెట్టు కొనని వాళ్ళని దింపినట్టు నన్ను నా గుమ్మంలోంచే దింపేసింది. వీధి వీధంతా విన్నది. కండక్టరు ఉద్యోగం ఆవిడకి ఎవరిచ్చారో గానీ మైకు ఖర్చు మిగుల్చుకున్నారు.

కాబట్టి మన సగం మనం చూసుకుంటాం. పగిలిన పెంకులు మార్చు. చూరు కింద నీళ్ళు పారే రేకు కాలువలో చెత్త తియ్యి, లేకపోతే నీళ్ళు వెనక్కి తన్ని వాసాలు నానిపోతాయి. చూరు పెంకులని తీగతో వాసాలకి బిగించు, గాలి పట్టుకునేది ముందు అక్కడే. ఒక మంచి టార్పాలిన్ కొను. సందుల్లోకి మన వైపు నుంచి ఎంత వీలైతే అంత సిమెంటు కుక్కు.

ఆవిడ మోకాలు ఎలా ఉందో నేను అడగలేదు. నువ్వూ చెప్పకు.

అక్క


ముందు వీధి ఇంటి నుంచి,
మొదటి మబ్బు మొహం చూపించిన వారం

అక్కా,

నీ ఆజ్ఞ అక్షరాలా పాటించాను. పిన్ని నీడ కూడా తొక్కకుండా, పని మొత్తం నేనొక్కణ్ణే, ఒంటిచేత్తో చేశానని సవినయంగా మనవి.

రేకు కాలువ శుభ్రమైంది. అందులోంచి రెండు తట్టల ఆకులు, ఒక బంతి, ఎవరిదో ఒంటి మేజోడు, ఖాళీ చేసి వెళ్ళిపోయిన పిచ్చుక గూడు బయటపడ్డాయి. గూడు మాత్రం మన ఇంటికంటే పకడ్బందీగా ఉంది. ఎక్కడా సందు లేదు. బహుశా అందులో ఒకే కుటుంబం ఉండి ఉంటుంది.

తర్వాత పెంకుల పరీక్ష. ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టాలి. మంచి పెంకు ఖంగుమంటుంది. చీలింది మా కాలేజీలో వెనక బెంచీ వాడిలా ఏదో గొణుగుతుంది. గొణిగిన వాటినన్నిటినీ దింపేసి కొత్తవి ఎక్కించాను. ఎలాగంటావా? రెండో ఈల వినబడగానే తాడు లాగడం, ఒక్క ఈల వినబడగానే ఆపడం. బకెట్టు సరిగ్గా చేతికి వచ్చేది. ఒక్క పెంకు కూడా పగల్లేదు.

చూరు బిగించడం ఒక మహాయజ్ఞం. నిచ్చెన ఆఖరి మెట్టు మీద మునివేళ్ళతో నిలబడి, ఎడమ చేత్తో వాసం వాటేసుకుని, కుడి చేత్తో తీగ మెలితిప్పాను. అంతసేపూ నిచ్చెన కొండలా నిలబడింది, వెంట్రుకవాసి కదల్లేదు. నడుం పట్టేసి దిగేసరికి వేడి వేడి టీ. రెండు గ్లాసులూ ఖాళీ అయ్యాక మళ్ళీ పని.

సాయంత్రం చల్లగాలికి వెనక వాలు మీద కూర్చుని చూస్తే మన వాలు ఎంత ముచ్చటగా ఉందనుకున్నావు! నువ్వు చూసి ఉంటే కళ్ళు చెమర్చేవి.

ఒంటరి శ్రామికుడు,
తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్సు,
కొండ మీద

ఒరేయ్ ఒంటరి శ్రామికుడా,

నీ ఉత్తరం డ్యూటీ రూములో చదువుతూ నవ్వాపుకోలేక సూదిమందు పక్కన పెట్టేశాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు కోపంతోనే రాస్తున్నాను, తెలుసుకో.

ఒంటరిగా పనిచేసేవాడికి ఈల ఎవరు వేశారు? ఒక ఈలకి ఆగడం, రెండు ఈలలకి కదలడం ఏ యూనివర్సిటీలో నేర్పారు? మన ఇంట్లో నిచ్చెన లేదు. ఉన్నది ముక్కాలి పీట, దానికీ ఒక కాలు పొట్టి. టీ రెండు గ్లాసులు నువ్వే తాగావు, పోనీ. మరి వెనక వాలు మీదకి ఎలా వెళ్ళావు, పిచ్చుకతో పాటు ఎగిరా? కాగితం మీద దొరికిపోతావని చెప్పానా లేదా!

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగేసి, మూతి తుడుచుకోకుండా నాకే ఉత్తరం రాశావు.

సరే. మొదలుపెట్టిన పని సగంలో ఆపితే మరీ ప్రమాదం. దొంగచాటుగా చేసింది దొంగచాటుగానే పూర్తి చెయ్యి. నాకు ఏమీ తెలియదు. నేను ఏ అనుమతీ ఇవ్వలేదు. సందులు కూడా పూడ్చెయ్యి.

నిచ్చెన అస్సలు కదల్లేదన్నావు. అంటే గట్టిగా నిలబడే పట్టుకున్నట్టు. మోకాలు అంత బాగుందన్నమాట. ఊరికే అన్నాను. జవాబు రాయక్కర్లేదు.

అక్క


ముందు వీధి ఇంటి నుంచి,
రేడియోలో హెచ్చరికలు మొదలయ్యాక

అక్కా,

దొరికిపోయాక దాచేదేముంది? జరిగింది జరిగినట్టు చెప్తాను.

నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే వెనక సందులోకి వెళ్ళాను. పిన్ని డ్యూటీ దిగి, గుమ్మంలో కూర్చుని ఖాకీ చొక్కాకి గుండీ కుట్టుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏరా డిగ్రీ, మీ అక్క పంపిందా?"

"లేదు పిన్నీ. వెళ్ళొద్దని రాసింది."

"అయితే లోపలికి రా. వద్దని రాసిందంటే నేనింకా గుర్తున్నాననేగా."

లోపలికి వెళ్ళి తల ఎత్తితే అక్కడా అవే ఎండ చారలు. ఆవిడ కూడా వాటిని చూస్తూనే ఉందిట, రెండేళ్ళుగా. "మీ అక్క అడుగుతుందేమోనని చూశాను" అంది. నువ్వు పిన్ని అడుగుతుందేమోనని చూశావు. వాన మాత్రం ఎవరినీ అడగదని మీ ఇద్దరికీ తట్టలేదు.

సందులు పూడ్చే రోజు నేను నడికొప్పు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, తాపీ చేత్తో పట్టుకుని, పద్ధతి ప్రకారం అడిగాను. "పిన్నీ, ఇది ఎవరి ఖాతాలో రాయమంటావు?"

కింద నుంచి కేక. "బస్సులో రెండు సీట్లకీ మధ్య మోచెయ్యి పెట్టుకునే కర్ర ఎవరిదిరా?"

"ఎవరిది?"

"ఎవడు ముందు పెడితే వాడిది! నువ్వు తాపీ పెట్టావుగా, నీదే. పూడ్చు!"

ఆ విధంగా నడికొప్పు సందులన్నీ నా సొంత ఆస్తి అయ్యాయి. వీలునామా తర్వాత రాస్తాను.

ఆవిడ పైకి ఎక్కదు. కింద నిలబడి ఈలతోనే నడిపిస్తుంది. మొన్న నేను పొరపాటున తడి సిమెంటు మీద చెయ్యి ఆన్చబోతే గట్టిగా ఒక్క ఈల వేసింది. నేను ఆగాను. ముందు వీధిలో వెళ్తున్న బస్సు కూడా ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి "ఎవరు దిగాలి?" అన్నాడు. పిన్ని అంతే గంభీరంగా "ఎవరూ లేరు, పోనీ, రైట్!" అంది. ఆయన వెళ్ళిపోయాడు. ఎందుకు ఆగాడో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఎందుకు ఎక్కవని అడిగాను. అప్పుడు చీర కొద్దిగా ఎత్తి మోకాలు చూపించింది. జవాబు రాయక్కర్లేదన్నావు గానీ రాస్తున్నాను. చిప్ప పక్కన ఇంత మచ్చ. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ పట్టేస్తుందిట. బస్సు మెట్లు రోజుకి ఎన్నిసార్లు దిగాలో నీకు తెలుసు.

"థాంక్స్ చెప్తుందని ఎక్కానా నేను? అక్కర్లేదురా" అంది. "మంచం చూసింది. పెంకు ముక్కలు చూసింది. నేను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. దెబ్బ తగిలిందా పిన్నీ అని ఒక్క మాట అడగలేదు. చూస్తే నర్సు!" అని మళ్ళీ ఈల నోట్లో పెట్టుకుంది. ఆవిడ నోట్లో ఈల ఉన్నప్పుడు వాదించడం కష్టం.

సముద్రంలో వాయుగుండం పుట్టింది, మన వైపే వస్తోందంటున్నారు. ఇసుక బస్తాలు నింపి చూరు పొడవునా పెట్టాం. టార్పాలిన్ పరిచి, పైనుంచి లావుపాటి తాడు వేశాం. ఒక కొస మన ముందు స్తంభానికి, ఇంకో కొస పిన్ని వెనక స్తంభానికి. మీ ఒప్పందం ప్రకారం తాడుని నడికొప్పు దగ్గర కోసి చెరి సగం చెయ్యాలి. కానీ కోసిన తాడు కట్టిన తాడు కాదని మా రాజనీతి శాస్త్రం అంటోంది.

పిన్ని ఒక్కటే ప్రశ్న, రోజూ అడుగుతోంది. నీ క్వార్టర్సుకి పైన ఏముంది? పెంకులా, రేకులా?

సందుల యజమాని,
తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్సు,
కొండ మీద

ఒరేయ్,

రేకులు. మేకులు తుప్పు పట్టాయి. పైన రాళ్ళు పెట్టారు. గాలి వీస్తే ఎవరో డబ్బాలు దొర్లిస్తున్నట్టు ఉంటుంది, అలవాటైపోయింది. ఆవిడకి చెప్పకు, ఊరికే హైరానా పడుతుంది.

మోకాలి సంగతి చదివాను. అడిగాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నిన్న వార్డులో కూర్చుని ఆ రోజు అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అడగలేదు.

ఈ ఉత్తరం చూపించకు. ఏం రాయాలో నాకు ఇంకా తెలియడం లేదు.

నువ్వు మాత్రం గాలి మొదలయ్యాక కప్పు ఎక్కకు. ఎక్కావో, వచ్చి తంతాను.

అక్క


వెనక సందు ఇంటి నుంచి,
తుఫాను వస్తానన్న రోజు సాయంత్రం

అక్కా,

మనకి ఘోర అవమానం జరిగింది. తుఫాను రాలేదు.

పొద్దుటి నుంచి ఎదురుచూశాం. పిన్ని సెలవు పెట్టింది. రెండు ఇళ్ళ తలుపులూ బిగించి, నీళ్ళు పట్టుకుని, రేడియో మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఆవిడ ముందు గదిలో కూర్చున్నాం. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయి. "వచ్చింది!" అని లేచాం. పక్కింటావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

సాయంత్రానికి ఆకు కదల్లేదు. పిన్ని సందులోకి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశాన్ని చూస్తూ కడిగేసింది. "ఇంత సిమెంటు పోశాం, ఇన్ని బస్తాలు మోశాం, వస్తానని ఊరంతా చాటింపు వేయించుకుని మానేస్తావా? మాటకి నిలకడ ఉండక్కర్లా?" అంది. పెళ్ళిచూపులకి వస్తామని రానివాళ్ళని కూడా ఇన్ని మాటలు అనరు. నేను కూడా కప్పు తరఫున నిరసన తెలియజేశాను.

మర్నాడు పొద్దున

అక్కా, నిన్నటి ఉత్తరం పోస్టు చెయ్యలేదు. దీని కిందే రాస్తున్నాను.

అది రాకపోవడం కాదుట. దారి మళ్ళి మీ కొండల మీదకి వెళ్ళిందిట. రేడియోలో మీ ఆసుపత్రి ఊరి పేరు చెప్పారు. నీకు ఫోను పలకదు. ఆసుపత్రికీ పలకడం లేదు. మీ వైపు బస్సులు ఆపేశారు. పిన్ని డిపోకి వెళ్ళి అడిగి వచ్చింది, అడగడమంటే ఎలా అడిగి ఉంటుందో నీకు తెలుసు. దారి తెరిస్తే ముందు పోస్టు సంచీలు పంపుతారుట, అందుకే ఇది రాస్తున్నాను.

రేకుల సంగతి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఈల మెడలోంచి తీసి మేకుకి తగిలించింది.

ఈ కప్పు ఇంత గట్టిగా కట్టినందుకు నాకు సిగ్గుగా ఉంది. బాగున్నానని ఒక్క ముక్క రాయి. కోప్పడుతూ రాసినా పరవాలేదు.

తమ్ముడు


వెనక సందు

ఏమే పెద్దదానా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు, టికెట్లు కొట్టడం వచ్చు. డిగ్రీ కవరు అంటిస్తుంటే ఆపి ఇది పెడుతున్నా.

తుప్పు పట్టిన మేకులు అని తెలిసి నాకు చెప్పొద్దన్నావుట. నీకు నేను ఏమవుతాను? మీ అమ్మకి చెల్లెల్ని, దారిన పోయే ప్యాసింజర్ని కాదు. రాళ్ళు పెట్టిన రేకుల కింద పడుకోమని ఎవడు చెప్పాడు నీకు? గాలి తగ్గేదాకా ఆసుపత్రిలోనే ఉండు, ఆ గదికి వెళ్ళకు. వెళ్ళి ఉంటే దాక్కో. దాక్కుని ఉంటే బయటికి రాకు.

మొదటి బస్సు కదిలితే అందులో నేనే వస్తా. డ్యూటీ వేయించుకున్నా.

పిన్ని


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
కొండ మీద

పిన్నీ,

బాగున్నాను. ముందు ఆ మాట. ఒంటి మీద గీత కూడా పడలేదు. గాలి వచ్చినప్పుడు వార్డులో ఉన్నాను. మంచాలన్నీ మధ్యకి లాగి, రోగుల మీద పరుపులు కప్పి, ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని కూర్చున్నాం. ఆసుపత్రి నిలిచింది. క్వార్టర్సు వరసంతా కప్పులు లేచిపోయాయి. నా గదిలో గోడలు నాలుగూ ఉన్నాయి, పైన ఏమీ లేదు. నా రేకు ఒకటి లోయలో చెట్టు మీద కనబడుతోంది. ఎండకి మెరుస్తూ బాగానే ఉంది.

మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే కవర్లో వచ్చాయి. తమ్ముడిది చదివాక నీది చదివాను. మళ్ళీ నీది చదివాను.

రెండేళ్ళ కిందట అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. దెబ్బ బాగా తగిలిందా పిన్నీ? ఎక్కడ పట్టేస్తోంది, లోపలి పక్కా, చిప్ప కిందా? చల్లబడితే ఎక్కువవుతుందా? డిపోలో మెట్లు లేని పని ఏదైనా ఉందా? నేను రాగానే చూస్తాను. నర్సుని కాదన్నట్టు మాట్లాడావుట, అది మాత్రం ఊరుకోను.

ఇంకో సంగతి. క్వార్టర్సు మళ్ళీ కప్పేదాకా ఉండడానికి చోటు లేదు, సెలవిచ్చి పంపేస్తున్నారు. నాతో పాటు తోటి నర్సులు ఇద్దరున్నారు, వాళ్ళకి వెళ్ళడానికి ఎవరూ లేరు. మీ ఇంటికి తీసుకెళ్తావా అని అడిగారు. నా సగంలో ఒక మంచం, ఒక తమ్ముడు పడతారు. అంతే.

నీ సగంలో చోటిస్తావా? అడగడం ఇబ్బందిగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

పెద్దది


వెనక సందు

ఏమే,

ముగ్గురా? ముగ్గురి కోసం ఉత్తరం రాసి అడుగుతావా? పండగ రద్దీలో మూడింతల మందిని ఒక్క బస్సులో ఎక్కించిన దాన్ని నేను. జరగండి జరగండి అంటే అదే పడుతుంది. కొండకి బస్సులు ఇంకా వదల్లేదు, వదిలిన మొదటిదాంట్లో డ్యూటీ నాదే, ఎక్కి వచ్చెయ్యండి.

మోకాలు లోపలి పక్క. చల్లబడితే ఎక్కువే.

చోటు చాలకపోతే డిగ్రీని దింపేస్తా. వాడికి కాలేజీ సెలవులు. ఇప్పుడు వాడు కప్పుల పనిలో పెద్ద మొనగాడినని సందంతా చెప్పుకు తిరుగుతున్నాడు. మీరు దిగిన బస్సులోనే వాణ్ణి ఎక్కించి పంపుతా. మీ రేకులు వాడే బిగిస్తాడు.

పిన్ని


ముందు వీధి, వెనక సందు కలిసిన ఇంటి నుంచి,
వానలు గట్టిగా పట్టాక

ఒరేయ్ మొనగాడా,

రాసేది నేను. పక్కన కూర్చుని చెప్పేది పిన్ని. ఆవిడ చెప్పినవన్నీ రాయడం లేదు, కాగితం చాలదు.

నీ ఉత్తరం అందింది. నా గదికి రేకులు బిగించడం పూర్తయిందని, కొత్త మేకులు కొట్టావని, సూపరింటెండెంటు గారు నిన్ను ఇంజనీరు అనుకుంటున్నారని, నువ్వు కాదనడం లేదని తెలిసింది. కాదనకు. తోటి నర్సుల గదులకి కూడా బిగించేసి, ఇంజనీరువి కావని తర్వాత చెప్పు.

ఇక్కడ మేం నలుగురం ఉన్నాం. పిన్ని మోకాలికి పొద్దునా సాయంత్రం కట్టు కడుతున్నాను. కట్టినంతసేపూ తిడుతుంది, విప్పగానే మళ్ళీ కట్టమంటుంది. "నేను తిట్టలేదు, నొప్పికి అరిచాను అని రాయి" అంటోంది. రాశాను. డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. ఇంతవరకు ఒప్పుకోలేదు. "కూర్చుంటే గొంతు పాడైపోతుంది" అంటోంది.

నిన్న మధ్యాహ్నం గాలీ వానా కలిసి దంచేశాయి. పక్కింటి వాళ్ళ పందిరి మా కళ్ళ ముందే లేచి సందు దాటింది. మన కప్పు మీద ఒక్క పెంకు కదల్లేదు. తాడు మూలుగుతుంటే పిన్ని స్తంభం పట్టుకుని "ఉండవే, ఉండు" అని తాడుకి ధైర్యం చెప్పింది. కప్పు నిలబడింది. అది నీ పనే, ఒప్పుకుంటున్నాం. గర్వపడడానికి ఇంతవరకు చాలు, ఇక్కడ ఆపు.

ఎందుకంటే, వాన తెరిపి ఇచ్చాక టప్పుమని ఒక చప్పుడు. వెతికితే నడికొప్పు దగ్గర ఒక్క చోట చుక్క పడుతోంది. సరిగ్గా మధ్యగోడ మీద. అక్కడ రెండుగా చీలి అటు పిల్లకాలువ నా సగంలోకి, ఇటు పిల్లకాలువ పిన్ని సగంలోకి. నలుగురం వరసగా నిలబడి మెడలు ఎత్తి చూశాం. నర్సులిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, వాళ్ళకి అన్నీ చెప్పి ఉంచాను. పిన్ని వంక చూడడానికి నాకు భయమేసింది.

పిన్ని గొంతు సవరించుకుంది.

"ఇది మనది కాదే" అంది. "ఆ సందులన్నీ డిగ్రీవి."

"అవును, వాడే సొంత ఆస్తి అని రాసుకున్నాడు, నా దగ్గర ఉత్తరం ఉంది" అన్నాను.

"రానీ చెప్తా" అంది పిన్ని.

"ఇద్దరం చెప్దాం" అన్నాను.

కాబట్టి ఆ రేకుల పని కాగానే మొదటి బస్సు ఎక్కు. చెయ్యి కడుక్కోకుండా వచ్చెయ్యి, ఎలాగూ సిమెంటు కలపాలి.

అక్క, పిన్ని